తెరమీది వీధి, చరిత్రలోని వీధి: పోచంపల్లిలో బెనగళ్ చిత్రాలు

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాలల మీదుగా నార్కట్‌పల్లి చేరుతుంది. అక్కడ నల్లగొండ, అద్దంకి దారి చీలుతుంది. సాయుధ పోరాటానికి గుండెకాయ వంటి ఈ ప్రాంతపు వీధులను వెండితెర ఎట్లా వాడుకొన్నదో చూడడానికి అదే రహదారిపై చౌటుప్పల్‌కు ముందే ఎడమకు తిరిగి పోచంపల్లి చేరవలసి ఉంటుంది.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగిన మీదట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దళితులకు ఇస్తానని ప్రకటించింది ఈ ఊళ్ళోనే. భూమిని అడిగి పుచ్చుకొన్న ఊరిగా ఇది దేశానికి తెలిసింది. పాతికేళ్ళు తిరగకముందే శ్యాం బెనగళ్ ఇక్కడి వీధుల్లో ‘నిశాంత్’ (1975) చిత్రీకరించారు. కథాకాలం 1945. బడిపంతులు భార్యను దొర తమ్ముళ్ళు ఎత్తుకుపోతారు; ఊరు చూస్తూ నిలబడుతుంది. చివరకు అదే ఊరు గడీ మీదికి కదులుతుంది. గోవింద్ నిహలానీ ఛాయాగ్రహణంలో వీధి కేవలం నేపథ్యం కాదు. ఎవరు తలుపు తీస్తారు, ఎవరు మూసుకొంటారు అన్నదే అక్కడ కథ. దానభూమిగా పేరుపడ్డ చోట తిరుగుబాటును చిత్రించడంలోని వైరుధ్యం దర్శకుడు కోరుకొన్నదో కాదో గాని, నేటి పాఠకుడు దాన్ని దాటిపోలేడు.

అయితే ఈ స్థల వాస్తవికతను చారిత్రక వాస్తవికతగా పొరబడరాదు. నల్లగొండలో జనం పంతులు, పూజారి పూనికతో హఠాత్తుగా లేవలేదు. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తరువాత ఊరూరా సంఘం పెరిగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో ఆ ఉద్యమం మలుపు తిరిగింది. ‘నిశాంత్’లో సంఘం లేదు. వీధి నిజమైనది, వీధిని నడిపిన నిర్మాణం మాత్రం తొలగిపోయింది. దీనికి భిన్నంగా గౌతం ఘోష్ ‘మా భూమి’ (1980) మెదక్ జిల్లా మంగళపర్తిలో చిత్రీకరణ జరుపుకొన్నది. కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా వచ్చిన ఆ చిత్రంలో సంఘం, రజాకార్లు, పోలీసు చర్య అన్నీ ఉన్నాయి. ఊరు వేరైనా చరిత్ర దగ్గరిది. ఏది మేలైన సాక్ష్యమని అడిగితే, పోరాట చరిత్రకు రెండవదానినే ఎంచుతాను.

మొదటిది దేనికి సాక్ష్యం? 1945కు కాదు, 1970ల నాటి తెలంగాణ పల్లెకు. చిత్రంలోని గోడలు, గుమ్మాలు, నడక చిత్రీకరణ నాటివి. ఈ తేడా ‘సుస్మన్’ (1987)తో స్పష్టపడుతుంది. బెనగళ్ మళ్ళీ పోచంపల్లికే వచ్చారు. ఈసారి కథాకాలం, చిత్రీకరణకాలం ఒకటే. చేనేత సహకార సంఘాల సంస్థ నిర్మించిన ఈ చిత్రంలో ఓంపురి నేతగాడు రాములు. బిడ్డ పెండ్లి చీర కోసం పట్టునూలులో కొంత మిగుల్చుకొని నింద మోస్తాడు. ఇంటిలోనే మగ్గం, మగ్గం చుట్టూ సంసారం, వాకిటికి వచ్చే బేరగాడు: ఇవన్నీ ఆనాటి ఊరివే కనుక, ఇక్కడ సాంఘిక చరిత్రకారుడు చిత్రాన్ని పత్రం వలె చదువవచ్చు. చేనేత చరిత్ర రాసేవారు సహకార సంఘాల నివేదికలనే తిరగేస్తూ ఈ చిత్రాన్ని పక్కన పెట్టడం నాకు అర్థం కాని విషయం.

2016 అక్టోబరులో పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా గుర్తించింది. సందర్శకులకు వినోబా కథ, ఇక్కత్ చీర కనిపిస్తాయి. గడీ మీదికి కదిలిన ఆ వీధి ఇప్పుడు చిత్రపు ప్రతిలోనే చూడవలసినది.