పీటీ సార్ చెప్పిన ఫతే మైదాన్

వాన పడితే మన బడిలో పీటీ పీరియడ్ ఎట్లా గడిచేదో మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మైదానమంతా బురద. సార్ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఫుట్‌బాల్ కథలు చెప్పేవారు. ఖేడ్‌లో మేం ఆడింది కబడ్డీ, వాలీబాల్. బడికి ఒక ఫుట్‌బాల్ ఉండేది గానీ అందులో గాలి ఉన్న రోజులు తక్కువ. అయినా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్ల పేర్లు మాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చేవి.

సార్ వయసులో ఉన్నప్పుడు పట్నంలో చదువుకున్నారు. సాయంత్రమైతే ఫతే మైదాన్‌కు పోయేవారట. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం అక్కడే గుడారాలు వేసిందని, కోట గెలిచాక ఆ నేలకు ఫతే మైదాన్, అంటే విజయ మైదానం, అని పేరు వచ్చిందని చెబుతారు. నిజాంల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. 1955 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన తొలి టెస్టు మ్యాచ్ కూడా అక్కడిదే. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. 1967లో అది లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం అయింది. 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన చోటు కాబట్టి మన తరానికి ఎల్బీ స్టేడియం అంటే ముందు అదే గుర్తొస్తుంది. సార్‌కు మాత్రం అది చివరిదాకా ఫతే మైదానే, అక్కడ జరిగే ఆట ఫుట్‌బాలే.

ఆయన దేవుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాక ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా. అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాలని, బంతిని కాళ్ల దగ్గర తిప్పకుండా వెంటనే అందించాలని షరతులు పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. లెక్క రాని పిల్లవాడితో అదే లెక్క మళ్లీ చేయించే పద్ధతి ఇది. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంకు పట్నం దాకా వచ్చే స్తోమత లేకపోతే అద్దె సైకిల్‌కు రహీం సాబ్ డబ్బులిచ్చారట. ఈ కథ చెప్పిన రోజు సార్ గొంతు మారేది.

అన్నిటికన్నా పెద్ద కథ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం శిక్షకుడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం హైదరాబాద్ నుంచి పోయినవాళ్లు. డిసెంబరు 1న ఒలింపిక్ పార్క్ స్టేడియంలో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. తర్వాత యుగోస్లావియా చేతిలో 1-4తో, బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఆసియా నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు మనదే. డిసౌజా కూడా మన పట్నం పిల్లగాడే అని సార్ ఖాయంగా చెప్పేవారు. ఆయన బొంబాయి ఆటగాడని చాలా ఏళ్లకు చదివాను. సార్‌కు చెప్పలేదు. చెప్పినా ఒప్పుకునేవారు కాదు.

ఆ మెల్‌బోర్న్‌లో అసలు ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. బంతి కోడిగుడ్డు ఆకారం, మైదానం కూడా అండాకారం, జట్టుకు 18 మంది. పేటకో జట్టు, జట్టుకో మైదానం. కాలింగ్‌వుడ్ జట్టు విక్టోరియా పార్క్‌లో 1892లో మొదలుపెట్టి 1999 దాకా లీగ్ మ్యాచ్‌లు ఆడింది. ఆ తర్వాత ఆటలు పెద్ద స్టేడియాలకు పోయినా, పాత స్టాండును నిలిపి ఆ మైదానాన్ని జనానికి తెరిచారు. తాత కూర్చున్న మెట్టును మనవడికి చూపించవచ్చు. మనం గెలిచిన ఒలింపిక్ పార్క్‌కు ఆ అదృష్టం లేదు. 2011-12లో దాన్ని కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు అదే కాలింగ్‌వుడ్ జట్టు సాధన చేసుకునే మైదానం ఉంది. స్టాండ్లు పోయినా నేల ఇంకా ఆటకే ఉంది. వృత్తిరీత్యా కట్టడాలు చూసేవాణ్ని గనుక నాకు ఇది చిన్న విషయంగా అనిపించలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చేనాటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆటగాళ్లు కలకత్తా క్లబ్బుల బాట పట్టారు. నయీముద్దీన్, హబీబ్, ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టిన హబీబ్ మనవాడే, కానీ ఆ గోల్ చూసింది ఈడెన్ గార్డెన్స్. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే. కప్పు మన ఊరికి వచ్చింది గానీ మన గచ్చిబౌలి మెట్ల మీద కూర్చుని చూసినవాడు ఒక్కడూ లేడు. వరండాలో పిల్లలకు చెప్పాలంటే వాళ్లు టీవీ సంగతే చెప్పాలి.

మొన్న దసరాకు వచ్చినప్పుడు బడి మైదానాన్ని అడుగులతో కొలిచాను. కొత్త గదులు లేచాయి. అవి కావలసినవే, మనం ఒక్కో బెంచీకి ఐదుగురం కూర్చున్న సంగతి మరిచిపోలేదు. వాలీబాల్ కోర్టు పడుతుంది. మా రోజుల్లో సున్నంతో గీసిన వంద మీటర్ల పరుగు గీత మాత్రం ఇప్పుడు గోడకు తగులుతుంది. పాత మైదానం హద్దులు ఎక్కడిదాకా ఉండేవో చెప్పే కాగితం నాకు దొరకలేదు. మీ ఇంట్లో పదో తరగతి గ్రూప్ ఫోటో ఉంటే తీసి చూడండి. మన వెనుక మైదానం కనిపిస్తుంది. దాని నకలు ఒకటి సంఘానికి ఇవ్వండి. పటం గీసే పని నాది.