హైదరాబాదు సిటీ పోలీస్: నిలవని ఒక ఫుట్‌బాల్ జట్టు

ప్లెయిన్స్‌బరోలో శనివారం ఉదయం ఇంగ్లీషు ఫుట్‌బాల్ చూసే తెలుగు పిల్లలకు ఆర్సెనల్ చరిత్ర కంఠోపాఠం. ఆర్సెనల్‌ లాగే ఉద్యోగుల జట్టుగా పుట్టి, భారతదేశాన్ని ఏలిన జట్టు ఒకటి హైదరాబాదులో ఉండేదని వారి తల్లిదండ్రులలోనూ తెలిసినవారు తక్కువ.

ఆర్సెనల్‌ను 1886లో లండన్ శివారు వూలిచ్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారపు కార్మికులు స్థాపించారు. 1891లో ఆటగాళ్ళకు జీతాలివ్వడం మొదలైంది. 1893లో అది వాటాల కంపెనీగా మారి ఫుట్‌బాల్ లీగులో చేరింది. 1913లో నది దాటి హైబరీకి తరలింది. కర్మాగారంతో బంధం తెగినా క్లబ్బు చెదరలేదు.

హైదరాబాదు సిటీ పోలీస్ జట్టుకు ఆధారం పోలీసు శాఖే. దానికి 1950 నుంచి శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాళ్ళ దగ్గరే అట్టిపెట్టుకోకుండా తాకిన వెంటనే అందించడం, బలహీనమైన కాలితోనూ తన్నగలగడం ఆయన నేర్పిన విద్య. ఫలితం వెంటనే కనిపించింది. బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును అందుకుంది. 1954, 1957లలో మళ్ళీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న పేరుతో 1961లోనూ అదే కప్పును సాధించింది.

రహీం భారత జట్టుకూ శిక్షకులే. 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోనివే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం మెల్బోర్న్ వెళ్ళిన హైదరాబాదీలు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ మళ్ళీ స్వర్ణం గెలిచింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించారు. ఆ వ్యవధిని చూస్తే, జకార్తా నాటికే వ్యాధి ఆయన ఒంట్లో బలపడి ఉంటుందని వైద్యునిగా నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత పోలీసు జట్టు పూర్వవైభవం తిరిగి రాలేదు. రహీం మరణం ఒక్కటే కారణమనలేము. శిక్షకులు పోయిన క్లబ్బులు ఇంగ్లండులోనూ ఉన్నాయి. అసలు తేడా నిర్మాణంలో ఉంది. పోలీసు జట్టు ఆటగాడికి ఉద్యోగ భద్రత ఇచ్చింది; పేదింటి కుర్రవాడికి అది చిన్న విషయం కాదు. కాని శాఖకు ఫుట్‌బాల్ ప్రధాన కర్తవ్యం కాదు. అధికారుల ఆసక్తి ఉన్నంతకాలమే జట్టుకు ఆదరణ. సభ్యత్వాలు, అభిమానుల బలం ఉన్న కలకత్తా క్లబ్బులు ఈ నగరపు ప్రతిభను ఆకర్షించాయి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళడం అందుకు ఉదాహరణ.

కంపెనీ అయినంత మాత్రాన చాలదని కూడా హైదరాబాదే చూపించింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆర్థిక ఇబ్బందులలో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకుంది. పోలీసు జట్టుకు ఊరి మట్టిలో వేళ్ళుండేవి, సొంత ఆదాయం లేదు. కొత్త క్లబ్బుకు పెట్టుబడిదారులు ఉండేవారు, ఊరిలో వేళ్ళు దిగే వ్యవధి లేదు. ఆర్సెనల్‌కు రెండూ దక్కాయి. ఇంగ్లీషు క్లబ్బుల చరిత్రలో మనం గమనించవలసింది కప్పుల లెక్క కంటే ఇదే.