అచ్చు అక్షరం – కూర్చిన చేతులు

మన లిపి చరిత్రకారులు శాసనాలతో మొదలుపెట్టి తాళపత్రాల దగ్గర ఆగిపోతారు. సీసపు అక్షరాన్ని పోతపోసిన వారూ, కూర్చిన వారూ సాహిత్య చరిత్రకు పట్టలేదు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయం.

తెలుగు ముద్రణ మొదట ప్రజావసరం కోసం పుట్టలేదు. 1746-47లో షుల్జ్ జర్మనీలోని హాలేలో అచ్చువేయించినవి క్రైస్తవ మతగ్రంథాలు. 1814లో కేరీ, 1816లో కేంబెల్ ప్రకటించిన వ్యాకరణాలు మిషనరీలకూ కంపెనీ ఉద్యోగులకూ ఉద్దేశించినవి. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు మద్రాసులో ముద్రణాలయం స్థాపించాడు. అటువంటి సంస్థల వల్లనే కావ్యాలు పండితుల ఇళ్ళు దాటి వచ్చాయి.

అయితే ఆ అచ్చు పద్ధతి రోమను లిపికి అమరినది. అందులో అక్షరం పక్కన అక్షరం పేరిస్తే చాలు. మనకు గుడి పైన, ఒత్తు కింద. కనుక అచ్చుగళ్ళు వందలకు పెరిగాయి. ఆ భారమంతా మోసినది కంపోజిటరు. దాన్ని చూపి లిపినే సంస్కరించాలని కొందరు వాదించారు. శ్రమ తగ్గాలనే కోరిక న్యాయమే. నేరం లిపిమీద మోపడం అన్యాయం.

1991లో యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. వాటిలో ఒత్తులకు విడి స్థానాలు లేవు. హల్లుల మధ్య పొల్లు ఉంటే చాలు, ఒత్తును ఫాంటే కూరుస్తుంది. లిపి మారలేదు, యంత్రమే మారింది. ఆ మార్పుకు ముందు మన సాహిత్యాన్నంతా అక్షరమక్షరంగా నిలబెట్టిన కార్మికుడి వృత్తి మాత్రం దాదాపు అంతరించింది. అతని చరిత్ర రాయడం విమర్శకుల బాధ్యత.