తెరపాఠాల అనువాదంలో విలంబిత మూల్యాంకనం: చరిత్ర, తెలుగు విభక్తి సమస్య

వ్యాససంగ్రహం:

సాఫ్ట్‌వేర్ తెరమీది మాటలను పాఠకుని భాషలోకి ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు గెట్‌టెక్స్ట్, జాంగో వ్యవస్థలు ఇచ్చిన సమాధానాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. అనువాదాన్ని చివరి క్షణందాకా వాయిదా వేసే పద్ధతి కాలానికి సంబంధించిన చిక్కును విప్పింది గాని, రూపానికి సంబంధించిన చిక్కును విప్పలేదని, తెరమీది తెలుగు కృతకంగా ఉండడానికి ఇదొక ముఖ్యకారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థానికీకరణ, గెట్‌టెక్స్ట్, జాంగో, విలంబిత మూల్యాంకనం, విభక్తి, ఔపవిభక్తికం.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్, ఫోన్ తెరలమీద కనిపించే తెలుగు తెలుగులా లేదన్న ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది. 'విద్యార్థిను తొలగించు', 'ఇల్లు యొక్క చిరునామా' వంటి ప్రయోగాలు కనబడగానే అనువాదకునికి వ్యాకరణం రాదని తేల్చివేస్తాం. ఈ తీర్పు తొందరపాటుతో కూడినది. ఆ అనువాదకునికి చాలా సందర్భాల్లో పూర్తి వాక్యం ఇవ్వరు. మధ్యలో ఖాళీ ఉన్న ఒక మూస ఇస్తారు. ఆ ఖాళీలోకి ఏ మాట వచ్చి పడుతుందో, ఎప్పుడు పడుతుందో అతనికి తెలియదు. ఆ మూస ఎలా రూపొందిందో తెలుసుకోకుండా దానిలో పోసిన భాషను విమర్శించడం సగం విమర్శే అవుతుంది.

2. సంఖ్య నుంచి వాక్యానికి:

యూనిక్స్ ప్రపంచంలో మొదట ప్రమాణంగా నిలిచిన పద్ధతి ఎక్స్-ఓపెన్ సంస్థ రూపొందించిన క్యాట్‌గెట్స్. అందులో ప్రతి సందేశానికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్రోగ్రామర్ తన ప్రోగ్రాములో వాక్యాన్ని కాక సంఖ్యను పిలవాలి. ఆ సంఖ్యకు ఎదురుగా ఏ భాషలో ఏ వాక్యముందో వేరే పట్టికలో చూసుకోవాలి. ఇది యంత్రానికి సులభమే గాని మనిషికి కష్టం. సంఖ్య మారితే ఒక వాక్యం స్థానంలో మరొకటి ప్రత్యక్షమవుతుంది.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ అమలు చేసిన గెట్‌టెక్స్ట్ పద్ధతి ఈ సంఖ్యలను తొలగించి, మూల ఆంగ్ల వాక్యాన్నే తాళంచెవిగా మార్చింది. 1995లో ఉల్రిక్ డ్రెప్పర్ కృషితో వెలువడిన గ్నూ గెట్‌టెక్స్ట్ దీనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటికీ అందించింది. దీనితో ప్రోగ్రాము చదువుకోవడానికి వీలుగా ఉండసాగింది. అనువాదం లేనిచోట ఆంగ్లమైనా కనిపిస్తుంది. అయితే ఈ సౌకర్యానికి ఒక మూల్యముంది. ఆంగ్లంలో ఒకే రూపంలో ఉన్న రెండు భిన్నార్థాలు ఒకే తాళంచెవి కింద ఇరుక్కున్నాయి. 'ఓపెన్' అనే మాట 'తెరువు' అనే క్రియ కావచ్చు, 'తెరిచి ఉన్నది' అనే స్థితి కావచ్చు. ఈ రెంటినీ వేరుచేసే సందర్భసూచిక గెట్‌టెక్స్ట్‌లోకి 2006లో గాని రాలేదు.

విలంబిత మూల్యాంకనానికి బీజం కూడా గెట్‌టెక్స్ట్‌లోనే ఉంది. సి భాషలో స్థిరపట్టికలను ప్రోగ్రాము నడవకముందే నింపాలి. ఆ దశలో అనువాద ఫలనాన్ని పిలవడం కుదరదు. అందుకని 'నూప్' అనే గుర్తును కల్పించారు. అది వాక్యాన్ని అనువదించదు. 'ఇది అనువదించవలసినది' అని మాత్రం సేకరణ పరికరానికి చెబుతుంది. అసలు అనువాదం వాడుకచోట జరుగుతుంది. అంటే గుర్తించే క్షణం, అనువదించే క్షణం అప్పుడే విడిపోయాయి. కాని రెండో క్షణాన్ని ప్రోగ్రామర్ గుర్తుంచుకొని చేతితో రాయాలి. మరిచిపోతే ఆంగ్లమే మిగులుతుంది.

3. సోమరితనానికి శాస్త్రప్రతిపత్తి:

అవసరం వచ్చేదాకా విలువ కట్టకుండా ఉంచడమనే ఆలోచన అనువాదకులది కాదు. 1960 నాటి ఆల్గాల్ భాషలోని నామాహ్వానంలో దాని ఛాయలున్నాయి. 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్ ఒకవైపు, హెండర్సన్, మోరిస్ మరొకవైపు దీనిని సిద్ధాంతస్థాయిలో ప్రతిపాదించారు. 1990లో వెలువడిన హాస్కెల్ భాష దీనిని తన ప్రధానలక్షణంగా చేసుకుంది. ఆంగ్లంలో దీనికి 'లేజీ' అని పేరు. 'సోమరి' అనడంకన్నా 'విలంబిత' అనడం భావానికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ ఆ పదాన్నే వాడుతున్నాను.

ఈ భావన తెరపాఠాల అనువాదంతో కలిసిన ప్రసిద్ధ ఘట్టం జాంగో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే వార్తాపత్రిక కార్యాలయంలో పుట్టిన ఈ వెబ్ చట్రం 2005 జులైలో బహిరంగమైంది. అదే సంవత్సరం చివరలో బహుభాషా సౌకర్యం దానిలో చేరింది. ఇక్కడ సి భాషలో లేని కొత్త చిక్కు ఎదురైంది. వెబ్ సర్వరులో ప్రోగ్రాము ఒక్కసారి మొదలై చాలాకాలం నడుస్తుంది. 'విద్యార్థి', 'పుస్తకం' వంటి దత్తాంశ నమూనాల పేర్లు ఆ మొదటి క్షణంలోనే చదవబడతాయి. అప్పటికి పాఠకుడెవరూ రాలేదు. తరువాత ఒకే సర్వరు వద్దకు ఒక నిమిషంలో తెలుగు పాఠకుడు, జర్మన్ పాఠకుడు, అరబ్బీ పాఠకుడు వస్తారు. మొదటి క్షణంలోనే అనువదిస్తే అందరికీ ఆ క్షణపు భాషే గడ్డకట్టుకుపోతుంది.

దీనికి జాంగో చూపిన పరిష్కారం 'గెట్‌టెక్స్ట్ లేజీ'. ఇది పాఠాన్ని ఇవ్వదు, పాఠానికి బదులుగా ఒక ప్రతినిధిని ఇస్తుంది. ఆ ప్రతినిధి మూల వాక్యాన్ని తనలో దాచుకొని, పుట తయారయ్యే సమయంలో 'ఇప్పుడు ఏ భాష నడుస్తోంది' అని అడిగి, అప్పుడు అనువాదంగా మారుతుంది. జాంగో అంతర్భాగంలో ఈ వస్తువుల మూలవర్గం పేరు 'ప్రామిస్', అంటే వాగ్దానం. పేరు సార్థకమే. నూప్ పద్ధతిలో మనిషి జ్ఞాపకంమీద ఆధారపడిన పనిని ఇక్కడ వస్తువే గుర్తుంచుకుంటుంది.

వాగ్దానం పాఠం కాదు గనుక ఇబ్బందులూ వచ్చాయి. పాఠం వస్తుందనుకున్నచోట ప్రతినిధి చేరితే, మాటకు బదులు ఆ వస్తువు యొక్క అంతరంగ వివరణ తెరమీదికి ఎక్కేది. రెండు విలంబిత పాఠాలను కలిపితే ఆ కలయిక కూడా విలంబితంగానే ఉండాలి. లేకపోతే కలిపిన క్షణంలోనే అనువాదం జరిగిపోతుంది. ఇందుకోసం 2017 ఏప్రిల్‌లో వచ్చిన 1.11 సంచికలో 'ఫార్మాట్ లేజీ' అనే ప్రత్యేక ఫలనాన్ని చేర్చారు. అంతకుముందున్న సంధాన ఫలనం మాటలను వరుసగా అతికించేది మాత్రమే. కొత్తది మూసలో ఖాళీలను నింపుతుంది. పదక్రమం భాషభాషకూ మారుతుందని గుర్తించిన మార్పు ఇది. కర్త-కర్మ-క్రియ క్రమం గల తెలుగుకు ఇది మేలే.

4. పదమా, ప్రాతిపదికమా?

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. జాంగో నిర్వాహక తెరలో 'ఫలానాదానిని చేర్చు', 'ఎంచుకున్నవాటిని తొలగించు' వంటి ఆజ్ఞలుంటాయి. ఇవి మూసలు. ఖాళీలో పడేది నమూనా పేరు, అదీ విలంబిత పాఠమే. ఆంగ్లంలో ఏ నామమైనా కర్మస్థానంలో మారకుండా నిలుస్తుంది గనుక మూస పనిచేస్తుంది. తెలుగులో అనువాదకుడు ఖాళీ పక్కన 'ను' అని రాశాడనుకుందాం. 'గురువు' పడితే 'గురువును' అని సరిగానే వస్తుంది. 'విద్యార్థి' పడితే 'విద్యార్థిను' అవుతుంది. 'పుస్తకం' పడితే 'పుస్తకాన్ని' రావలసినచోట 'పుస్తకంను' వస్తుంది. 'ఇల్లు' పడితే 'ఇంటిని' కావలసినది 'ఇల్లును' అవుతుంది. 'ని' అని రాస్తే 'విద్యార్థి' మాత్రం బాగుపడుతుంది, 'విద్యార్థిని' అని స్త్రీవాచకంతో కలిసిపోతుందన్నది వేరే సంగతి.

విభక్తి చేరినదే పదమని, చేరనిది ప్రాతిపదికమని పాణినీయ సంప్రదాయం. విలంబిత పాఠం ప్రథమా విభక్తిలోని పూర్తి పదాన్ని అందిస్తుంది, మూస మాత్రం దానిని ప్రాతిపదికంలా వాడుకుంటుంది. ఆంగ్లంలో ఈ రెంటికీ రూపభేదం కనబడదు కనుక చట్రాన్ని నిర్మించినవారికి తేడా తట్టలేదు. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలను ప్రత్యేకంగా నిరూపించవలసివచ్చిందంటే కారణం ఇదే: ఊరు-ఊరి, ఇల్లు-ఇంటి, చేయి-చేతి అన్నట్లు తెలుగు నామం విభక్తిని అందుకునే ముందే తన అంగాన్ని మార్చుకుంటుంది.

ఇక అనువాదకునికి మిగిలినవి పక్కదారులు. 'పుస్తకం అనేదాన్ని తొలగించు' అనడం ఒకటి. 'తొలగించవలసినది: పుస్తకం' అని రెండు చుక్కలు పెట్టడం మరొకటి. ఇది కాస్త గౌరవప్రదమైన దారి. మూడోది 'యొక్క'. విడిగా రాసే అవకాశమున్నందున ఇది ఖాళీ పక్కన సురక్షితంగా కూర్చుంటుంది. తెరమీది తెలుగులో 'యొక్క' అంతగా విస్తరించడానికి ఆంగ్ల ప్రభావం ఒక్కటే కారణం కాదని, మూస నిర్మాణం అంతకన్నా బలమైన కారణమని నా అభిప్రాయం. అయితే 'యొక్క' ముందు కూడా 'ఇంటి' అనే ఉండాలి గాని 'ఇల్లు' ఉండరాదు. కనుక పక్కదారి కూడా గమ్యానికి చేర్చదు.

వచనం విషయంలోనూ ఇదే కథ. గెట్‌టెక్స్ట్ తెలుగుకు రెండు వచనరూపాలు ఇస్తుంది. మూడు పుస్తకాలు, ముగ్గురు విద్యార్థులు అనే మహద్భేదానికి అందులో చోటు లేదు. అంకె వేయడంవల్ల ఈ లోపం చదివేవారి నోటికి వదిలివేయబడింది. జాంగోలో బహువచనం పేరు విడిగా ఇవ్వకపోతే ఏకవచనం చివర ఆంగ్ల 'ఎస్' అక్షరం వచ్చి చేరుతుంది, 'పుస్తకం' తెలుగులో రాసినా సరే.

5. వాయిదాలోని అవకాశం:

ఈ లోపాన్ని గుర్తించినవారు లేకపోలేదు. 1999లో పెర్ల్ జర్నల్‌లో షాన్ బర్క్, జోర్డన్ లాక్లర్ రాసిన వ్యాసం, అనువదించవలసిన పదబంధాన్ని స్థిరపాఠంగా కాక ఫలనంగా చూడాలని వాదించింది. వికీపీడియాను నడిపే మీడియావికీలో ఫిన్నిష్ వంటి భాషలకోసం విభక్తిరూపాన్ని అడిగే ఏర్పాటు ఉంది. మొజిల్లా సంస్థ ఫ్లూయెంట్ వ్యవస్థ వాక్యనిర్మాణం 2019లో 1.0 స్థాయికి చేరింది. అందులో అనువాదకుడు ఒక పేరుకు పలు విభక్తిరూపాలు రాసిపెట్టి, వాక్యంలో కావలసినదానిని ఎంచుకోవచ్చు. మూలభాషలో లేని భేదాన్ని లక్ష్యభాష తనంతట తాను పాటించే స్వేచ్ఛ అనువాదకునికి దీనితో దక్కింది.

జాంగో పద్ధతిలో ఇది అసాధ్యం కాదు. విలంబిత పాఠం వాక్యంలో చేరే చోటే విచ్చుకుంటుంది. ఆ క్షణంలో అది భాషను మాత్రమే అడుగుతోంది. విభక్తిని కూడా అడగగలిగితే వాయిదాకు పూర్తి ప్రయోజనం సిద్ధిస్తుంది. తెలుగు నామానికి అప్పుడు ఎన్ని రూపాలు నిల్వచేయాలన్న ప్రశ్న వస్తుంది. ఏకవచన ప్రథమ, దాని ఔపవిభక్తికం, బహువచన ప్రథమ, దాని ఔపవిభక్తికం అనే నాలుగు రూపాలుంటే చాలావరకు సరిపోతుంది: ఇల్లు, ఇంటి, ఇళ్లు, ఇళ్ల. వీటిలో జాంగో ఇప్పుడు అడిగేవి మొదటిది, మూడోది మాత్రమే. మువర్ణాంతాల్లో 'పుస్తకానికి' అన్నచోట అంగం మారి, 'పుస్తకంలో' అన్నచోట మారకపోవడం, 'ఇంటిలో' వాడుకలో 'ఇంట్లో' కావడం వంటి మినహాయింపులకు ఐదో గడి కావాలి. ని-ను, కి-కు భేదం మాత్రం అంగం చివరి అచ్చునుబట్టి నిర్ణయమవుతుంది గనుక దానికి గడి అక్కరలేదు, సూత్రం చాలు.