పాలంపేట చెరువు నేర్పే పాఠం



శతవార్షికోత్సవ సంచికకు వ్యాసమంటే మన దేవాలయాల చరిత్ర, మన గురువుల సేవ, మన విచారణల ఎదుగుదల వ్రాయడం ఆనవాయితీ. అవి వ్రాయదగినవే. అయితే నూరేండ్ల లెక్క చూసుకొనేటప్పుడు మరొక ప్రశ్న కూడ వేసుకోవలసి వున్నది. ఆదివారం దివ్యపూజలో మనం ఒప్పుకొనే విశ్వాసం సోమవారం నాడు పొలంలో, అంగడిలో, పెండ్లి మాటల్లో, ఊరి పంచాయితీలో ఎంతవరకు కనబడుతున్నది? దీనికి జవాబు వెదకడానికి మన తెలుగునేల మీది ఒక పాత ఊరి నుండి మొదలుపెడదాము. అది పాలంపేట.

గుడీ, చెరువూ

పాలంపేట ఓరుగల్లుకు సుమారు డెబ్బై కిలోమీటర్ల దూరంలో వున్నది. చాలాకాలం వరంగల్ జిల్లాలో వుండి, ఇప్పుడు 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలో చేరింది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించినట్లు శాసనం తెలుపుతున్నది. జనం దానిని శిల్పి పేరుగా చెప్పుకొనే రామప్ప పేరుతోనే పిలుస్తారు. ఇసుక నింపిన పునాది, ఎర్ర ఇసుకరాతి గోడలు, నల్లరాతి స్తంభాలు, నీటిలో వేస్తే తేలేటంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం దాని ప్రత్యేకతలు. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

చూడవచ్చిన వారి కన్ను సహజంగా గుడి మీదనే నిలుస్తుంది. కాని ఆ గుడికి దగ్గరలోనే కొండల నడుమ కట్ట వేసి నిలిపిన రామప్ప చెరువు వున్నది. అదీ ఆ కాలపు పనియే. పాఖాల, లక్నవరం, గణపురం చెరువులు కూడ కాకతీయుల నాటివే. ఊరు కట్టితే గుడి కట్టడం, గుడి కట్టితే చెరువు తవ్వించడం ఆనాటి పద్ధతి. దైవభక్తి వేరు, రైతు బ్రదుకు వేరు అని వారు అనుకోలేదు. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. చెరువు మాత్రం ఎనిమిది వందల యేండ్ల తరువాత కూడ మళ్ళకు నీరిస్తున్నది.

ఆ గుడి మన హిందూ సోదరుల ఆరాధన స్థలం. దాని పట్ల మన వైఖరి ఎట్లా వుండాలో ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో స్పష్టం చేసింది. ఇతర మతాలలో సత్యమైనదానిని, పవిత్రమైనదానిని శ్రీసభ త్రోసివేయదు. కనుక మన విశ్వాసాన్ని ఏమాత్రం తగ్గించుకోకుండానే పాలంపేట నుండి పాఠం నేర్చుకోవచ్చును.

శ్రీసభ నడచిన దారి

ఈ నేల సంస్కృతితో క్రైస్తవుడు ఎట్లా నడవాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1606లో మధుర చేరిన యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలి సన్యాసి వేషం ధరించి, అరవం, సంస్కృతంతో పాటు తెలుగు కూడ నేర్చుకొన్నాడు. ఆనాడు మధురను ఏలిన నాయక రాజులు తెలుగువారు. జంధ్యం, చందనం వంటి వాడుకలు లౌకిక ఆచారాలేనన్న అతని వాదాన్ని 15వ గ్రెగోరి పోపుగారు 1623లో ఆమోదించారు. తరువాతి శతాబ్దంలో రాయలసీమలో కర్ణాటక మిషన్ గురువులు ఆ బాటలోనే నడిచారు. వారిలో కెర్డూ అనే ఫ్రెంచి గురువు తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిను, గ్రీకులతో చుట్టరికమున్నదని 1767లోనే వ్రాసి పంపాడు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు ప్రభువు చరిత్రను 'వేదాంత రసాయనము' అనే పద్యకావ్యంగా రచించినది కూడ ఆ శతాబ్దంలోనే.

ఈ కథకు రెండవ ప్రక్క కూడ చెప్పక తప్పదు. ఆ పద్ధతి వేషభాషలను స్వీకరిస్తూ కులభేదాన్ని కూడ ముట్టకుండా వదలివేసింది. పై కులాలవారు దూరమౌతారన్న భయంతో అంటరానివారన్న పేదల గుడిసెలలోకి గురువులు అడుగుపెట్టడానికి సంకోచించారు. 1704లో పోపుగారి ప్రతినిధి టూర్నోన్ పుదుచ్చేరిలో చేసిన నిర్ణయాలలో ఒకటి గమనార్హమైనది. జబ్బుపడిన ఆ పేదల ఇండ్లకే వెళ్ళి గురువులు దివ్యసంస్కారాలు ఇవ్వాలని ఆయన ఆదేశించాడు. ఎన్నో స్థానిక ఆచారాలను నిషేధించిన ఆ తీర్పులలో కొన్ని మన సంస్కృతిని సరిగా అర్థం చేసుకోకుండా చేసినవే. 1744లో 14వ బెనెడిక్టు పోపుగారు ఆ వివాదానికి ముగింపు పలికారు. కాని రోగి గుమ్మం దాటి లోపలికి వెళ్ళమన్న ఆ ఒక్క ఆజ్ఞ మాత్రం సువిశేషం నుండి నేరుగా వచ్చినది.

స్థానిక ఆచారాల విషయమై గురువులు చేయవలసిన ప్రమాణాన్ని రోమాపురి 1940లో తీసివేసింది. వాటికన్ మహాసభ 1963లో దైవార్చనలో దేశభాషలకు తలుపు తెరిచింది. 1969లో భారతదేశానికి పన్నెండు సవరణలు అనుమతింపబడినవి. చెప్పులు విడవడం, నేల మీద కూర్చుండడం, చేతులు జోడించి నమస్కరించడం, నూనె దీపం, హారతి అట్లా మన పూజలోకి వచ్చినవి. మంగళసూత్రానికి సిలువ గుర్తు, గుణదల మాత సన్నిధిలో కొబ్బరికాయలు, తలనీలాలు వంటివి జనం తమంతట తామే నిలుపుకొన్న ఆచారాలు.

ఓరుగల్లు సీమలో

మన ప్రాంతానికి వస్తే, 1886లో హైదరాబాదు మేత్రాసనం ఏర్పడింది. 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనం దాని నుండి వేరైంది. పీమే సభకు చెందిన ఇటలీ గురువు అల్ఫోన్సో బెరెట్టాగారు దాని తొలి పీఠాధిపతి. వారు 1985 వరకు ఆ బాధ్యత వహించారు. తరువాత వచ్చిన తుమ్మ బాలగారు ఈ నేల బిడ్డ. 1988లో ఖమ్మం ప్రత్యేక మేత్రాసనమైనది.

ఈ తేదీల వెనుక ఎందరో ఉపదేశులు, మఠకన్యలు, పేరు తెలియని గృహిణులు వున్నారు. చెరువు కట్టకు మట్టి మోసిన కూలీల పేర్లు శాసనంలో లేనట్లే వారి పేర్లు కూడ రికార్డులకెక్కలేదు. గుడి ప్రక్కన బడి, బడి ప్రక్కన దవాఖానా, దూరపు పల్లెల పిల్లలకు హాస్టలు వెలసినచోట విశ్వాసం గుడి గోడలు దాటింది. పాలంపేట పద్ధతి కూడ ఇటువంటిదే.

ఆయకట్టు చివరి మడి

చెరువు గొప్పతనం అది నిండడంలో లేదు. తూము తెరిచిన తరువాత ఆయకట్టు చివరి మడి తడిసిందా లేదా అన్నదే లెక్క. నీరటి పని అందుకే ఊరిలో నమ్మకమైన పని. కట్ట క్రింది పెద్ద రైతు మడి నిండి, కొసనున్న బీదవాని మడి ఎండితే చెరువు నిండినందువల్ల ఫలమేమి? మన దేవాలయాలకూ ఇదే కొలత. పండుగనాడు గుడి నిండుతున్నది, హారతి వెలుగుతున్నది. ఆ వరం చివరి మడికి చేరుతున్నదా?

మొదట కులం సంగతి. జ్ఞానస్నానపు నీరు అందరికీ ఒకటే. అయినా పెండ్లి సంబంధాలలో, చివరకు సమాధుల స్థలంలో కూడ భేదాలు పాటించిన చోట్లు మన తెలుగు క్రైస్తవుల మధ్య వుండినవని ఒప్పుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవం స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాకు దూరమయ్యాడు. వెలుపల చట్టం ఒక ద్వారం మూస్తే, లోపల మనమే మరొక ద్వారం మూయడం ఏమి న్యాయం? భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత విధానాన్ని ప్రకటించింది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు కార్డినల్ అయినారు. దళితులలో నుండి ఆ పదవిని అందుకొన్న మొదటివారు మన తెలుగువారే. ఆ సంతోషం పత్రికల ఛాయాచిత్రాలతో ఆగిపోక మన పెండ్లి పందిళ్ళలోకి కూడ రావాలి.

రెండవది అప్పు, కట్నం. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగుపట్టి, మందుల ఖర్చుతో, అప్పుల భారంతో ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. అటువంటి ఇంటిముందు జపమాల చెప్పడం మంచిదే. వడ్డీకిచ్చినవాడు మన విచారణవాడే అయితే ఆ వడ్డీని గురించి మాట్లాడడం కూడ ప్రార్థనలో భాగమే. ఆడపిల్ల పెండ్లికి కట్నం బేరమాడి, మర్నాడు ఆ వధూవరులను దివ్యపీఠం ముందు నిలబెట్టడంలో ఎంత అసంగతమున్నదో ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవాలి. విశ్వాసానికీ నిత్యజీవితానికీ మధ్య ఎడబాటు మన కాలపు తీవ్రమైన దోషాలలో ఒకటని వాటికన్ మహాసభ హెచ్చరించింది.

మూడవది నీరు, నేల. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పాత చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టింది. అదే యేడు ఫ్రాన్సిస్ పోపుగారు 'లౌదాతో సీ' లేఖలో భూమి మన ఉమ్మడి ఇల్లు అనీ, త్రాగునీరు ప్రతి మనిషి హక్కు అనీ బోధించారు. రోమాపురి మాట, మన ఊరి చెరువు మాట ఒకటే అయినది. శిఖం భూమిని ఆక్రమించడం పంచాయతీ తప్పు మాత్రమే కాక పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన తప్పు కూడ అని మన పిల్లలకు నేర్పుదాము.

పూడిక తీయవలసిన కాలం

ఎంత గట్టి చెరువులోనైనా యేటేటా ఒండ్రు చేరుతుంది. పూడిక తీయకపోతే కట్ట నిలిచివున్నా నీరు నిలువదు. నూరేండ్ల మేత్రాసన జీవితంలో కూడ అలవాటు, ఆడంబరం, కులాభిమానం అనే ఒండ్రు చేరకుండా వుండదు. పీఠాధిపతులు, గురువులు కట్టను కాపాడగలరు. పూడిక తీయడానికి మాత్రం ఊరంతా దిగాలి. తీసిన ఒండ్రు పొలానికి ఎరువైనట్లే, ఒప్పుకొన్న మన లోపాలు కూడ రాబోయే తరానికి మేలు చేస్తాయి.

ఈ శతవార్షికోత్సవాన ప్రతి విచారణా తన ఆయకట్టు చివరి మడి ఎక్కడున్నదో వెదకి, అక్కడి ఇంటివారి పేర్లు తెలుసుకొని, ఈ సంవత్సరమే వారి గుమ్మం త్రొక్కుగాక. సమరియ స్త్రీకి జీవజలాన్ని వాగ్దానం చేసిన ప్రభువు మన పనిని దీవించుగాక.