తాతల నాటి బీపీ, ఓడలరేవు ఉప్పుగాలి

మా కోనసీమలో పెళ్ళి భోజనాల దగ్గర తప్పకుండా వినపడే మాట ఒకటుంది. "మా తాతల కాలంలో ఈ బీపీలు, కొలెస్టరాళ్ళు ఎక్కడున్నాయండీ? అన్నీ మీ కంప్యూటర్లొచ్చాకే!" పెద్దవాళ్ళు అన్నప్పుడు "ఆయ్" అనేసి విస్తట్లోకి చూసుకోవడం మర్యాద. కానీ ఇదే మాట నమ్మి, "పాత తిండికి వెళ్ళిపోతే చాలు" అంటూ బీపీ మాత్రలు మానేస్తున్నవాళ్ళని చూస్తుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు. అందుకే ఈ కాస్త చరిత్ర.

ముందు కొలత సంగతి చూద్దాం. చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూసే పరికరాన్ని ఇటలీలో రివా-రోచ్చి అనే డాక్టరు చేసింది 1896లో. స్టెతస్కోపు పెట్టి పై అంకె, కింద అంకె వినే పద్ధతి రష్యన్ డాక్టరు కొరొట్కోవ్ చెప్పింది 1905లో. అది మన పల్లెటూరి డాక్టరు గారి బల్ల మీదకి రావడానికి ఇంకా ఎన్నేళ్ళు పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి. అంటే ముత్తాతగారికి బీపీ లేదని చెప్పడానికి మన దగ్గర ఆధారమేమీ లేదు. చూసినవాడు లేడంతే. "పక్షవాతం వచ్చింది", "రాత్రి పడుకున్న మనిషి పొద్దున్న లేవలేదు" అనేవాళ్ళు, కర్మ అనుకునేవాళ్ళు. మన భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైలే లేని సర్వర్‌ని చూపించి "ఒక్క ఎర్రర్ కూడా లేదు" అన్నట్టు :)

పోనీ తెలిసినా ఏం చేసేవాళ్ళు? అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంగతే చూడండి. ఆయన బీపీ ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చింది. చూసే డాక్టర్లకి కొదవ లేదు, కానీ సరైన మందే లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి పోయారు. ఆ రోజు బీపీ 300/190.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు తిండితోనే బీపీ తగ్గించి చూపించాడు. ఆయన పెట్టిన తిండి ఏమిటో తెలుసా? తెల్లన్నం, పళ్ళు, పళ్ళరసాలు, పంచదార! మనం రోజూ తిట్టుకునే అన్నమే. చాలామందికి బీపీ బాగా దిగింది. కారణం అన్నంలో ఏదో మహిమ ఉండటం కాదు, ఆ తిండిలో ఉప్పు దాదాపు లేకపోవడమే ముఖ్యమైన కారణమని తర్వాత చాలామంది తేల్చారు. అంత చప్పిడి తిండి నెలల తరబడి తినడం మాత్రం మామూలు మనుషుల వల్ల కాలేదు. ఈలోగా 1950లలో మాత్రలు వచ్చాయి, ఆ పద్ధతి వెనకబడింది.

ఇక ఉప్పు దగ్గరికొచ్చాం కాబట్టి ఓడలరేవు వెళదాం. అల్లవరం మండలంలో, గోదావరి వైనతేయ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. పేరులోనే ఓడ ఉంది, రేవు ఉంది. ఇప్పుడైతే ఓఎన్జీసీ టెర్మినల్, ఇంజనీరింగ్ కాలేజీ గుర్తొస్తాయి. గాలి పీలిస్తేనే ఉప్పగా ఉండే ఈ తీరంలో కూడా ఒకప్పుడు ఉప్పు తయారు చేసుకోవడం నేరం. మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ వాళ్ళు 1805లో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టారు. 1930 ఉప్పు సత్యాగ్రహం తర్వాత, 1931 మార్చిలో గాంధీ-ఇర్విన్ ఒప్పందంలో, ఉప్పు దొరికే ప్రాంతాల పల్లెజనం తమ వాడకానికి చేసుకోవచ్చని, తమ ఊళ్ళలో అమ్ముకోవచ్చని ఒప్పుకున్నారు. ఉప్పు పన్ను పూర్తిగా పోయింది 1947లో. పేదవాడి గంజిలోకి ఉప్పు రావడానికి అంత పోరాటం జరిగింది. అది న్యాయమైన పోరాటమే. కానీ ఒకప్పుడు పన్ను కట్టి కొనుక్కున్న వస్తువు తర్వాత కొట్లో అన్నిటికన్నా చవక సరుకైంది. ఇప్పుడు ఎంత వేస్తున్నామో చూసుకునే అవసరమే మనకి కనపడట్లేదు.

ఎవరో ఒకరు లెక్క చూడాలి కదా. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు, సుమారు 1 లక్షా 80 వేల జనాభా తీసుకుని, ఏడాదిలో పోయినవాళ్ళు ఎందుకు పోయారని ఇంటింటికీ వెళ్ళి కనుక్కున్నారు. ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదు కేర్ ఆసుపత్రి, బైర్రాజు ఫౌండేషన్ లాంటి సంస్థలు కలిసి చేసిన పని అది. (అవును, సత్యం రామలింగరాజు గారి కుటుంబం పెట్టిన ఫౌండేషనే. 2009లో సత్యం ఏమైందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ లెక్కలు మాత్రం నిలిచాయి.) ఫలితాలు 2006లో వచ్చాయి. 1354 మరణాల్లో దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతం. వీళ్ళెవరూ హైటెక్ సిటీలో కూర్చున్నవాళ్ళు కారు. వరి చేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువుల మధ్య బతికినవాళ్ళు. "పల్లెటూరి తిండి, పల్లెటూరి గాలి" అనే ధీమా అక్కడే పోయింది నాకు.

తర్వాత ఉప్పు లెక్క కూడా తీశారు. 24 గంటల మూత్రంలో సోడియం కొలిచి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో మనిషి రోజుకి సగటున 9.46 గ్రాముల ఉప్పు తింటున్నాడని 2017లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీ స్పూను. మనం దానికి దాదాపు రెట్టింపు. ఆవకాయ, మాగాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పుచేప, పెరుగన్నంలో మళ్ళీ చిటికెడు. ఎక్కడినుంచి వస్తోందో వేరే చెప్పాలా?

మరి "సహజంగా" తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. 1997లో అమెరికాలో డ్యాష్ అనే ప్రయోగంలో ఉప్పు మార్చకుండానే కూరలు, పళ్ళు, వెన్న తీసిన పాలు పెంచి, కొవ్వు తగ్గించి పెడితే, బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె 11 పాయింట్ల దాకా తగ్గింది. 2001లో ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా దిగింది. మన దగ్గరే, సిద్దిపేట ప్రాంతంలోని 7 ఊళ్ళలో బీపీ ఉన్న 502 మందితో జరిపిన పరీక్షలో సోడియం కొంత తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మూడు నెలలు వాడిస్తే పై అంకె సగటున 4.6 పాయింట్లు తగ్గింది. ఇది 2021 మాట. అదే ఏడు చైనాలో 600 ఊళ్ళ ఫలితం వచ్చింది. అలాంటి ఉప్పుతో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. (కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఈ ఉప్పు ముట్టుకోకూడదు. సైంధవ లవణం, పింక్ సాల్ట్ అనేవి మాత్రం పేరు మారిన అదే సోడియం.)

కొలెస్టరాల్ దగ్గర మా కోనసీమవాళ్ళకి కోపం వచ్చే మాట చెప్పాలి. కొబ్బరినీళ్ళు వేరు, కొబ్బరినూనె వేరు. నూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే, అది చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది. ఎప్పుడో ఓసారి కొబ్బరి పచ్చడి తింటే ప్రమాదమేం లేదు గానీ, అమృతమని చెంచాలతో తాగేవాళ్ళ సంగతి వేరు. పప్పులు, బెండకాయ, తోటకూర, దంపుడు బియ్యం, ఎండుచేప బదులు పచ్చిచేప, ఇవీ మన దగ్గరున్న మందులు. తాతల దగ్గర నిజంగా నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. రేవు దాకా నడక, చేలో పని. వాళ్ళ తిండి ఒక్కటే తెచ్చుకుని, మనం రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చుంటే లెక్క కుదరదు.

చివరగా, సహజం, మందు అని గోడ కట్టేసుకోవడం కూడా తప్పే. సర్పగంధ వేరుతో బీపీ తగ్గుతుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రపంచానికి చెప్పాడు. దాన్నుంచి వచ్చిన రెసర్పిన్ మాత్రతో కొందరికి దిగులు జబ్బు వచ్చిందని తర్వాత అన్నారు. కొలెస్టరాల్‌కి వాడే స్టాటిన్ల మొదటి రూపాన్ని జపాన్‌లో అకీరా ఎండో 1973లో బూజు నుంచి తీశాడు. వేరు అయినంత మాత్రాన మంచిది కాదు, మాత్ర అయినంత మాత్రాన చెడ్డదీ కాదు.

కాబట్టి ఒక చిన్న పని చేయండి. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో, తలకి 5 గ్రాముల చొప్పున కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి, అదీ పచ్చళ్ళు, బయటి తిండి కలుపుకుని. రాష్ట్ర సగటు ప్రకారం తింటే 26 రోజుల్లో అయిపోతుంది. అలాగే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఒక బీపీ మెషీన్ పంపండి, అంకెలు రాసి ఉంచమనండి. అవి దిగితే, మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు గారు చెప్తారు. పెళ్ళి భోజనాల దగ్గర పెద్దలు కాదు, నేనూ కాదు.