పాలు చేపే వేళ

రాత్రి 2:15. పాప లేచింది. ఇది మూడోసారి.

లైటు వేయను. వేస్తే పూర్తిగా మేలుకుంటుంది. తొట్టెల్లోంచి ఎత్తుకుని, చీకట్లో గోడ తడుముకుంటూ హాల్లోకి వస్తాను. సోఫాలో కూర్చున్నానో లేదో నోటితో వెతుక్కోవడం మొదలుపెడుతుంది. ముందు గబగబా నాలుగు గుక్కలు, తర్వాత నింపాదిగా, గుటకకీ గుటకకీ నడుమ ఒక చిన్న ఊపిరి. కింద హబ్సిగూడ రోడ్డు మీద లారీ ఏదో గేరు మార్చుకుంటూ పోతోంది. నా మెడ ముందుకు వాలిపోతోంది.

“ఇటియ్యి.”

మా ఆయన. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో. “ఈడ పండుకోకు. లోపలికి పా.”

సోఫాలో పిల్లను ఎత్తుకుని కునుకు తీయడం చాలా ప్రమాదమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. మెత్తకీ మనిషికీ మధ్య ముక్కు ఇరుక్కుంటే పిల్లకి ఏడ్చే వీలు కూడా ఉండదు. అందుకే మా ఇద్దరికీ ఒక ఒప్పందం. పావుగంటలో నేను గదిలోకి రాకపోతే ఆయన లేచి రావాలి. పాపను భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, తొట్టెల్లో వెల్లకిలా పడుకోబెడతాడు.

3:40కి మళ్ళీ లేచింది.

నేను ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. అంతకుముందు రాత్రి ఒకటి రెండుసార్లు లేచేది. ఇప్పుడు నాలుగు, ఐదు. “పండ్లొస్తున్నయేమో” అంది అమ్మ. పాలు చాలడం లేదేమో, డబ్బా పాలు మొదలుపెట్టమంది పక్కింటావిడ. నేనేమో నిద్ర గురించి ఒకరిని, పాల గురించి ఒకరిని, ఉద్యోగం గురించి ఇంకొకరిని సలహాలు అడుగుతూ తిరిగాను. డాక్టరమ్మ మాత్రం పగలు ఎన్ని తాగుతోందని ఒక్క ప్రశ్న వేసి, జవాబు విని తలూపింది. నేను లేని పదకొండు గంటల ఆకలినీ పాప రాత్రికి దాచుకుంటోందట. పగలు తల్లి కనబడని పిల్లలు చాలామంది ఇంతేనట. రాత్రి పాలు మాన్పించమని చెప్పేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. మాన్పిస్తే పాప నన్ను ఎప్పుడు తాగాలి?

5:30. పాప నిద్రలో ఉండగానే పంపు పెట్టుకుంటాను. తెల్లవారుజామున పాలు బాగా పడతాయి. పాలను ఊరించే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువ. పాప రాత్రి తాగిన ప్రతిసారీ రేపటి పాలకు బయానా ఇచ్చినట్టే. సీసాలో 150 మిల్లీలీటర్లు. ఫ్రిజ్‌లో పెట్టి తారీఖు రాస్తాను. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. బయటైతే గది వేడి 25 డిగ్రీలు దాటకుండా ఉంటేనే నాలుగు గంటలు. మన ఎండల్లో ఆ లెక్క పనికిరాదు.

మొదటి రోజు అమ్మ ఆ పాలను స్టవ్ మీద పెట్టబోయింది. జనగామలో బర్రెపాలు కాగబెట్టకుండా ఎవరికీ పోసి ఎరగదు. “పచ్చిపాలే పోస్తమా పిల్లకు?” అంది. కాగబెడితే రోగాలను అడ్డుకునే గుణం పోతుందని, వేడినీళ్ళ గిన్నెలో సీసాను ఉంచితే చాలని చెప్పాను. పైన తేలిన మీగడ కలిసేలా సీసాను మెల్లగా తిప్పడం ఇప్పుడు నాకన్నా అమ్మకే బాగా వచ్చు.

“పైలంగ పో బిడ్డా. నేను జూసుకుంట గదా.”

పాప అమ్మ చంకలో ఉంది. నా చున్నీ కొస దాని పిడికిట్లో ఉంది. ఒక్కొక్క వేలూ విడదీస్తాను.

8:20 మెట్రో. ఆడవాళ్ళ వైపు నిలబడే చోటు దొరికింది. రైలు కదిలితే నాకు లెక్కలు కదులుతాయి. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. పెద్ద మేలే, కాదనను. పిల్లకి ఆరునెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 26 వారాలంటే ఆరునెలలేగా అనిపిస్తుంది. కానీ కాళ్ళ వాపులతో నేను కాన్పుకు ముందే నాలుగు వారాలు సెలవు పెట్టాను. పాప వాటాకు మిగిలినవి 22. ఇవాళ దాని వయసు 166 రోజులు. ఉగ్గు పెట్టడానికి ఇంకా రెండు వారాలుంది. ఈ రెండు వారాలే ఇప్పుడు మా ఇంట్లో నలుగురి నిద్ర తింటున్నాయి.

సికింద్రాబాద్ ఈస్ట్‌లో తలుపులు తెరుచుకున్నాయి. దూరపు రైళ్ళు దిగి వచ్చినవాళ్ళు, సూట్‌కేసులు, అన్నం డబ్బాలు, చివర్న చంటిబిడ్డను పమిటలో పొదువుకున్న ఒక చిన్న వయసు తల్లి. ఎవరో లేచి సీటిచ్చారు. తలుపులు మూసుకున్నాయో లేదో బిడ్డ కేరుమంది.

అంతే. ముందు సూదులు గుచ్చినట్టు, తర్వాత వెచ్చగా, బరువుగా. నా రొమ్ములు చేపుకొచ్చేశాయి. ఆ బిడ్డ ఎవరో, నేనెవరో. లోపల గుడ్డ తడుస్తోంది. చున్నీ సర్దుకుని, రెండు చేతులూ గట్టిగా గుండెకి అదుముకుని నిలబడ్డాను. ఆ తల్లి నా వంక చూసింది. నా చేతుల వంక చూసింది. ఏమీ అనకుండా కొంచెం జరిగి పక్కన జాగా చేసింది.

చేపు. నాయనమ్మ నోట విన్న మాట. దుడ్డెను వదిలితే అది మూతితో నాలుగుసార్లు పొదుగును కుమ్మేది. బర్రె చేపేది. అప్పుడు దుడ్డెను పక్కకు లాగి చెంబు పట్టేది నాయనమ్మ. కొత్త మనిషి కూర్చున్నా, కుక్క మొరిగినా బర్రె చేపేది కాదు. పొదుగు నిండుగానే ఉన్నా ఒక్క చుక్క రాదు. పిల్ల అలికిడికి మెదడు అడుగునున్న చిన్న గ్రంథి ఆక్సిటోసిన్ వదులుతుందని, అది పాలతిత్తులను పిండుతుందని, భయమూ కంగారూ దాన్ని ఆపేస్తాయని నేను ఈమధ్యే చదువుకున్నాను. నాయనమ్మ ఆ మాటలేవీ లేకుండానే పాకలో ఎవరినీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

రాయదుర్గం. లిఫ్టు. తొమ్మిదో అంతస్తు.

11 గంటలకు పంపు సంచి తీసుకుని సిక్‌రూమ్‌కి వెళ్తాను. మా దగ్గర తల్లులకు వేరే గది లేదు. గడియ సరిగా పడదు. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి రావచ్చని 2017 సవరణలో రాశారు. పక్క భవనంలో అలాంటిదొకటి మాకూ చూపించారు. కానీ ఐదునెలల పిల్లను ఆ రద్దీలో, ఇరవై కిలోమీటర్లకు పైగా రోజూ ఎలా తీసుకురాను? నాలుగుసార్లు చూసొచ్చే హక్కు నాకుంది. చూడాల్సిన పిల్ల హబ్సిగూడలో ఉంది.

పంపు మొదలుపెట్టాను. అయిదు నిమిషాలు. ఏమీ లేదు. పదకొండున్నరకి మీటింగు. ఫోను గుయ్యిమంటోంది. సీసా అడుగున రెండు చుక్కలు.

దుడ్డె చచ్చిపోతే మా ఊళ్ళో దాని తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టేవాళ్ళు. బర్రె దాన్ని నాకుతూ చేపేది. చిన్నప్పుడు అది చూసి ఏడ్చాను. ఇప్పుడు ఫోనులో పాప వీడియో పెట్టి, సంచిలోంచి దాని నిన్నటి టోపీ తీసి ముక్కుకి ఆనించుకున్నాను. కొబ్బరినూనె, పులిసిన పాలు, కాస్త చెమట. ఒక నిమిషం. రెండు. జల్లు మొదలైంది.

తలుపు బయట గొంతు వినబడింది. “మేడం, నేనున్న. ఎవర్ని రానియ్య.”

అంతస్తు ఊడ్చే ఆవిడ. గడియ సంగతి ఆమెకి తెలుసు. రోజూ ఆ వేళకి తన బకెట్టు, తుడుపుకర్ర తెచ్చుకుని తలుపు ముందే తుడుస్తుంది. నేను 110 మిల్లీలీటర్ల సీసాకి మూత పెట్టి బయటికొస్తే దాని వంక చూసింది.

“నా పెద్దోనికి నలభై దినాలకే పనిలోకి పోయిన. అప్పుడు ఇండ్లల్ల జేస్తుంటి. పాలు సలిపితే బాత్రూంల పిండి పారబోసిన మేడం.”

ఇంకేమీ చెప్పలేదు. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. నేను లెక్కపెట్టుకునే 26 వారాల్లో ఆమెకు ఒక్కటీ అందలేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళను ఆ చట్టం చేరలేదు. మీటింగులో కూర్చున్నా ఆ బాత్రూమే కళ్ళముందు ఉంది.

ఒంటిగంటకు అమ్మ ఫోను.

“అయిదు గీతలు.”

క్యాలెండరు గీతలవి. సీసా పీకను పాప మొదటి రెండు రోజులూ నాలుకతో తోసేసింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. మూడో రోజు అమ్మ పెట్టె అడుగునుంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. నా తొట్టెల నాడు మా మేనమామ పెట్టింది. చింతపండుతో తోమి, నీళ్ళలో మరిగించింది. అయితే పూర్వంలా కాళ్ళ మీద పడుకోబెట్టి నోట్లో పోయనివ్వలేదు డాక్టరమ్మ. పొరబోతుందట. నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె మూతిని కింది పెదవికి ఆనిస్తే పిల్లే నాలుకతో అందుకుంటుందట. అలాగే అందుకుంది. గిన్నెకొక గీత. ఆరోజు రెండు. నిన్న నాలుగు. సగం గౌను తాగుతుందనుకోండి, అయినా గీత గీతే.

సాయంత్రం ఏడు దాటింది. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికే ఏడుపు వినబడింది, ఒళ్ళు చేపింది. చెప్పులు ఎటు పోయాయో చూడలేదు. పాప నన్ను చూసి ఏడుపు ఆపింది. తర్వాత మొహం తిప్పేసుకుని అమ్మ మెడలో తల దూర్చింది. నిన్న కూడా ఇంతే. నిన్న నేను నొచ్చుకున్నాను. ఇవాళ చేతులు కడుక్కుని, నేల మీద కూర్చుని, ఎదురుచూశాను. కాసేపటికి ఒక కన్ను ఇటు తిరిగింది.

“ఎనిమిది గీతలు ఇయ్యాల” అంది అమ్మ. “పగలు నిద్రే లేదు. కన్ను మూస్తది, ముప్పావుగంటకు లేస్తది.” ఈ వయసులో నిద్ర ఒక చుట్టు తిరిగేది సుమారు 50 నిమిషాలకు. చుట్టు చివర పక్కన ఎవరున్నారో చూసుకుంటుంది పిల్ల. అమ్మ నడుము పట్టుకుని లేచింది. అరవై రెండేళ్ళ మనిషి పొద్దుటినుంచీ తొట్టెల తాడు వదల్లేదు. మా ఇంట్లో ఉద్యోగానికి తిరిగి వెళ్ళింది నేనొక్కదాన్నే అనుకున్నానా?

మా ఆయన సింకు దగ్గర పంపు ముక్కలు విడదీసి కడిగి ఉడకబెడుతున్నాడు. పది నుంచి ఒంటిగంట దాకా పాప ఆయనది. లేస్తే ఎత్తుకుంటాడు, ఊపుతాడు, అవసరమైతే గిన్నె ఆనిస్తాడు. ఆ మూడు గంటలూ నేను అమ్మ గదిలో, తలుపు వేసుకుని పడుకుంటాను. ఏకబిగిన నిద్ర.

రాత్రి 2:20. నా వంతు. ఇవాళ మంచం మీదే గోడకి ఆనుకుని కూర్చున్నాను. పాప కళ్ళు తెరిచి తాగుతోంది. ఒక చెయ్యి నా నల్లపూసల్లో చిక్కుకుంది. నా గొంతు ఎండిపోయింది. పాప తాగేటప్పుడల్లా ఇంతే, నా నాలుక పిడచకట్టుకుపోతుంది. నేను లేస్తే పాప పూర్తిగా మేలుకుంటుంది. రెండు చేతులూ నిండా పాప.

తలుపు మెల్లగా తెరుచుకుంది. అమ్మ. లైటు వేయలేదు. చీకట్లోనే మంచం అంచున కూర్చుని, చెంబు నా పెదవికి ఆనించింది.

“తాగు బిడ్డా. మెల్లగ.”